మొక్కకూ జంతువుకూ పూర్తి శాస్త్రీయ నామం ఒకటే అయిన జతలు ఇంకేమున్నాయి?

అందరికీ నమస్కారం. హైస్కూల్ పిల్లల కోసం జీవుల పేర్ల మీద ఒక గోడ చార్టు తయారు చేస్తున్నాను. కాస్త సాయం కావాలి.

మామిడి మాంగిఫెరా ఇండికా, చింత టామరిండస్ ఇండికా, వేప అజాడిరక్టా ఇండికా. మూడూ వేర్వేరు కుటుంబాల చెట్లు. మన పందికొక్కు కూడా బాండికోటా ఇండికానే! చింత పుట్టిల్లు ఆఫ్రికా అంటారు, ఇండికా అంటేనేమో 'భారతదేశపు' అని; అయినా 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన ఆ పేరే ఇప్పటికీ చెల్లుతోంది. ఇంతవరకు చెప్పడం తేలికే. రెండో పదం ఎన్ని జీవులకైనా ఉండొచ్చు, ఒకే ప్రజాతిలో (పేరులోని మొదటి పదం సూచించే దగ్గరి జాతుల గుంపులో) మాత్రం రెండు జాతులకు ఉండకూడదు.

నాకు చిక్కంతా ఫైకస్ వేరిగేటాతో వచ్చింది. మర్రి, రావి, మేడి ఉన్న ప్రజాతే ఫైకస్. కానీ అదే పూర్తి పేరుతో ఒక సముద్రపు నత్త కూడా ఉంది. నత్తకు రోడింగ్ 1798లో పెట్టాడు, చెట్టుకు బ్లూమ్ 1825లో. మొక్కల నామకరణ నియమావళి వేరు, జంతువులది వేరు కాబట్టి రెండూ చెల్లుతాయట. అగాథిస్ మోంటానా కూడా అంతే: ఒకటి పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవి కొండల్లోని చెట్టు, ఇంకొకటి ఒక జాతి కందిరీగ. పిల్లలకు చార్టులో అన్నిటికంటే నచ్చేది ఈ భాగమేనని నా నమ్మకం.

ఇలాంటి జతలు మీకు ఇంకేమైనా తెలుసా? కనీసం ఒకటైనా మన ఆంధ్ర, తెలంగాణల్లో కనిపించేదైతే చాలా సంతోషం. ఇంకొకటి, శాస్త్రీయ నామం పక్కన దాన్ని పెట్టినవారి పేరు, సంవత్సరం రాస్తే ఎనిమిదో తరగతి పిల్లలకు తేడా అర్థమవుతుందా, లేక బొమ్మ వేసి 'చెట్టు', 'నత్త' అని రాస్తే చాలా? జీవశాస్త్రం చెప్పే టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.