ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో సెట్టింగ్: విఎస్ కోడ్ మూసి తెరిచినా నిలవాలంటే?

ఒంగోలు_పీహెచ్‌పీ
విండోస్‌లో విఎస్ కోడ్ (కోడ్ రాసే ఎడిటర్) వాడుతున్నా. రెండు పనులు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి చీమకుర్తి గ్రానైట్ యార్డు బిల్లింగ్: పాత పీహెచ్‌పీ, లైన్ల ముందు ఖాళీ అంతా ట్యాబ్‌లే, బిల్లు హెడ్డింగులు అను ఫాంట్లలో కొట్టినవి. రెండోది ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల మేత లెక్క: పైథాన్, 4 స్పేసులు, యూనికోడ్ తెలుగు. కంట్రోల్ + కామా కొట్టి సెట్టింగ్స్‌లో ఒకదానికి మారిస్తే రెండోది చెడుతోంది. అక్కడే వర్క్‌స్పేస్ (ఈ ప్రాజెక్టుకి మాత్రమే) ట్యాబ్‌లో పెట్టినా కొన్ని ఫైళ్ళు వింటాయి, కొన్ని వినవు. ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఇంట్లోనూ ఆఫీసులోనూ తెరవాలి. నిన్న తెరిచి ఉంచిన ఫైళ్ళు ఒక్కోసారి వస్తాయి, ఒక్కోసారి ఖాళీ విండో. అసలు ఇది ఏది ఎక్కడ దాచుకుంటుంది?

కావలి_కీబోర్డ్
ముందు తెరిచే పద్ధతి చూసుకో. ఫోల్డర్ తెరవకుండా ఉత్త ఫైల్ ఒక్కటే తెరిస్తే వర్క్‌స్పేస్ సెట్టింగ్ దానికి అందదు. ఫైల్ మెనూలో ఓపెన్ ఫోల్డర్ నొక్కి ప్రాజెక్టు పై ఫోల్డర్‌నే ఎంచుకోవాలి. లోపలి సబ్‌ఫోల్డర్ తెరిచినా లాభం లేదు, పైకెళ్ళి వెతికే అలవాటు దానికి లేదు.

తర్వాత కంట్రోల్ + షిఫ్ట్ + పి కొట్టి ఓపెన్ వర్క్‌స్పేస్ సెట్టింగ్స్ అని వెతుకు. వచ్చినవాటిలో చివర జేసన్ అని ఉన్నది నొక్కితే ప్రాజెక్టులో ‘.విఎస్‌కోడ్’ ఫోల్డర్, దాన్లో ‘సెట్టింగ్స్.జేసన్’ తయారవుతుంది. గ్రానైట్ దాన్లో ఇవి పెట్టు (పేర్లు పలికినట్టు రాస్తున్నా, ఫైల్లో ఇంగ్లీషులోనే కొట్టాలి, చుక్క తర్వాత రెండో మాట పెద్దక్షరంతో మొదలవ్వాలి):

ఎడిటర్.ట్యాబ్‌సైజ్: 4
ఎడిటర్.ఇన్సర్ట్‌స్పేసెస్: ఫాల్స్
ఎడిటర్.డిటెక్ట్‌ఇండెంటేషన్: ఫాల్స్

మేత లెక్క దాన్లో రెండో లైన్ ట్రూ చేస్తే చాలు.

మూడో లైన్ లేకపోవడమే నీ సగం తలనొప్పి. అది మొదట్నుంచీ ట్రూగా ఉంటుంది. ఫైల్ తెరవగానే లోపలున్నది చూసి, 2 స్పేసులు కనబడితే నువ్వు పెట్టిన 4ని పక్కన పెట్టేస్తుంది.

మిగతా సగం భాషల దగ్గర. నీ యూజర్ సెట్టింగ్స్‌లో (అన్ని ప్రాజెక్టులకీ కలిపి ఉండేవి) ఎప్పుడైనా పీహెచ్‌పీకనో పైథాన్‌కనో విడిగా, చదరపు బ్రాకెట్‌లో భాష పేరు పెట్టి, ట్యాబ్‌సైజ్ రాసి ఉంటే, వర్క్‌స్పేస్‌లో మామూలుగా రాసినదాన్ని అది కొట్టేస్తుంది. వర్క్‌స్పేస్ యూజర్ కంటే పెద్దదే, కానీ భాష పేరుతో రాసింది ఎక్కడున్నా భాష పేరు లేనిదాని మీద గెలుస్తుంది. యామల్ ఫైళ్ళకి (ఇవీ సెట్టింగులు రాసే రకమే) విఎస్ కోడ్ తనే ఇట్లా 2 అని పెట్టి పంపిస్తుంది, అందుకే అవి ఎంత చెప్పినా వినవు. వర్క్‌స్పేస్‌లో కూడా భాష పేరుతోనే రాస్తే దారికొస్తాయి.

ట్రంకురోడ్డు_నెల్లూరు
ట్యాబ్‌ల సంగతి సరే, అను ఫాంట్ అన్నావు చూడు, భయం అక్కడుంది. ఆ హెడ్డింగులు యూనికోడ్ కాదు. మామూలు ఇంగ్లీషు ఫాంట్ స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన 8 బిట్ల అక్షరాలు. పాత విండోస్‌లో దాచిన ఫైళ్ళు చాలావరకు విండోస్ 1252 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఉంటాయి. విఎస్ కోడ్ ఏ ఫైలైనా యూటీఎఫ్-8 అనుకునే తెరుస్తుంది. అర్థం కాని బైటు ఉన్నచోట నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం చూపిస్తుంది. ఆ స్థితిలో కంట్రోల్ + ఎస్ కొట్టావంటే అసలు బైట్లు పోయి ఆ ప్రశ్నార్థకమే డిస్క్ మీదకెక్కుతుంది. పోయిన అక్షరాలకి గిట్‌లో (ఫైళ్ళ పాత రూపాల్ని దాచే టూల్) పాత కాపీయో బ్యాకప్పో ఉంటేనే గతి, ఎన్‌కోడింగ్ మార్చి చూసినా తిరిగి రావు.

కాబట్టి గ్రానైట్ వర్క్‌స్పేస్‌లో ఫైల్స్.ఎన్‌కోడింగ్ విలువ విండోస్1252 అని రాయి. మేత లెక్కకి యూటీఎఫ్8 అలాగే ఉండనీ. అప్పటికే తెరిచి ఉన్న ఫైల్‌ని మూసి తెరువు. ఒక్క ఫైల్ పరీక్షించాలంటే కింద కుడివైపు పట్టీలో యూటీఎఫ్-8 అని ఉన్నచోట నొక్కి రీఓపెన్ విత్ ఎన్‌కోడింగ్ ఎంచుకో. దాని పక్కనే సేవ్ విత్ ఎన్‌కోడింగ్ ఉంటుంది, చెయ్యి జారి అది నొక్కొద్దు. తెరిచాక తెలుగు కనబడదు, పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. అదే సరైన స్థితి.

ఒంగోలు_పీహెచ్‌పీ
డిటెక్ట్‌ఇండెంటేషన్ ఆపగానే పీహెచ్‌పీ అంతా కుదిరింది అన్నా. హెడ్డింగుల ఫైళ్ళు ముందు కాపీ తీసి పెట్టుకుంటా. మరి తెరిచి ఉంచిన ఫైళ్ళ సంగతి?

కావలి_కీబోర్డ్
అవి నీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉండవు. సెట్టింగ్స్.జేసన్ పెన్‌డ్రైవ్‌తో పాటు వస్తుంది. తెరిచిన ట్యాబ్‌లు, విండో అమరిక, ఈ ప్రాజెక్టులో ఆపేసిన ఎక్స్‌టెన్షన్లు మాత్రం ఆ కంప్యూటర్‌లోనే యాప్‌డేటా, రోమింగ్, కోడ్, యూజర్ కింద వర్క్‌స్పేస్‌స్టోరేజ్ అనే ఫోల్డర్‌లో పడతాయి. అక్కడ ఒక్కో ప్రాజెక్టుకి గజిబిజి పేరుతో ఒక ఫోల్డర్. ఆ పేరు ప్రాజెక్టు దారినీ, ఫోల్డర్ తయారైన సమయాన్నీ బట్టి వస్తుంది. పెన్‌డ్రైవ్ నిన్న ఇ డ్రైవ్, ఇవ్వాళ ఎఫ్ డ్రైవ్ అయితే దాని లెక్కలో ఇది కొత్త ప్రాజెక్టు, అందుకే ఖాళీ విండో. ఫోల్డర్ పేరు మార్చినా, తీసేసి మళ్ళీ కాపీ చేసినా ఇదే కథ.

ఒకే మిషన్ అయితే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పెన్‌డ్రైవ్‌కి వేరే డ్రైవ్‌లతో ఎప్పుడూ తగలని అక్షరం ఒకటి, పి లాంటిది, ఖాయం చెయ్యి. రెండు మిషన్లలోనూ ట్యాబ్‌లు రావాలంటే విఎస్ కోడ్ జిప్ వెర్షన్ దించి పెన్‌డ్రైవ్‌లోనే విప్పు, దాన్లో డేటా అని ఖాళీ ఫోల్డర్ పెట్టు. ఇక అన్నీ దాన్లోనే దాచుకుంటుంది. డ్రైవ్ అక్షరం మాత్రం రెండుచోట్లా ఒకటే ఉండాలి. నా మాట వింటే కోడ్‌కి గిట్ వాడు, పెన్‌డ్రైవ్ బ్యాకప్‌కే ఉంచు.

అట్లాగే విండో.రీస్టోర్‌విండోస్ విలువ నన్ అని మార్చి ఉందేమో చూడు. ఆల్ అని ఉంటే పోయినసారి మూసేటప్పుడు తెరిచి ఉన్న విండోలన్నీ తిరిగొస్తాయి.

పొదిలి_విమ్
టీంలో వేరే ఎడిటర్ వాడేవాళ్ళుంటే ట్యాబ్‌ల లెక్క ‘.ఎడిటర్‌కాన్ఫిగ్’ ఫైల్లో పెట్టండి. నియోవిమ్ (విమ్ అనే ఎడిటర్‌కి కొత్త రూపం) 0.9 నుంచి దాన్ని తనే చదువుతుంది, విఎస్ కోడ్‌కి ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. గ్రానైట్ ప్రాజెక్టులో మాత్రం దాన్లో చార్‌సెట్ (ఎన్‌కోడింగ్) లైన్ రాయొద్దు. దానికి విండోస్ 1252 అనే విలువే లేదు. లాటిన్1 ఉంది గానీ హెక్స్ అంకెల్లో 80 నుంచి 9ఎఫ్ వరకు ఉన్న బైట్ల దగ్గర రెండూ వేరు, అను ఫాంట్ ఆ స్థానాల్నీ వాడుకుంటుంది.

తెరిచిన ఫైళ్ళు తిరిగి రావడానికి విమ్‌లో అయితే ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఎంకెసెషన్ కొడితే సెషన్.విమ్ ఫైల్ అక్కడే పడుతుంది, పెద్ద ఎస్ ఆప్షన్‌తో తిరిగి తెరవొచ్చు. ముందుగా సెషన్‌ఆప్షన్స్‌లోంచి ఆప్షన్స్ అనే మాట తీసేయండి. లేకపోతే పాత సెట్టింగ్‌లన్నీ సెషన్‌లో గడ్డకట్టి, విమ్‌ఆర్‌సీలో (విమ్ సెట్టింగుల ఫైల్) ఏం మార్చినా తెరవగానే పాతవే వచ్చి కూర్చుంటాయి.

ఒంగోలు_పీహెచ్‌పీ
.విఎస్‌కోడ్ ఫోల్డర్‌ని గిట్‌లో ఎక్కించొచ్చా?

ట్రంకురోడ్డు_నెల్లూరు
సెట్టింగ్స్.జేసన్ ఎక్కించు. దాన్లో పైథాన్ ఎక్కడుందో చెప్పే సి డ్రైవ్ దారి లాంటిది ఉంటే యూజర్ సెట్టింగ్స్‌లోకి మార్చు, పక్కోడి మిషన్‌లో అది దొరకదు. డేటాబేస్ పాస్‌వర్డ్ పెట్టిన లైన్ ఉంటే ఎక్కించకముందే తీసెయ్, ఒకసారి ఎక్కాక తర్వాత చెరిపినా పాత కమిట్‌లో (గిట్ దాచిన కాపీలో) ఉండిపోతుంది.