15 ఏళ్లు దాటిన కారులో ‘టకటక’: ఇంట్లో వెతుక్కోవడం తెలివా, టైమ్‌పాసా?

పాతబండి_రాజమండ్రి:
మాది 2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. 15 ఏళ్లు నిండాక ఆర్‌సీ మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాను. అందుకని ‘అమ్మేసి కొత్తది కొనండి’ అనే సలహా దయచేసి ఇవ్వొద్దు.

సమస్య ఏంటంటే, ముందు ఎడమ చక్రం వైపు నుంచి టకటకమని చప్పుడు. గతుకుల రోడ్డు మీద, అదీ 20, 30 వేగంలోనే వస్తుంది. హైవే ఎక్కితే మాయం. ఒక గ్యారేజీలో లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బార్‌ను చక్రాల వైపు కలిపే చిన్న కడ్డీలు) రెండు వైపులా మార్చారు. ఇంకో గ్యారేజీలో స్ట్రట్ మౌంట్లు (షాక్ అబ్జార్బర్ పైకొస బాడీకి కలిసే చోటి రబ్బరు ముక్కలు) మార్చారు. రెండు చోట్లా కలిపి 7,800 వదిలింది. చప్పుడు మాత్రం వదల్లేదు.

ఇక నేనే ఇంటి ముందు పెట్టుకుని వెతుకుదామనుకుంటున్నాను. మా బావమరిది ‘జ్వరమొస్తే ఇంజెక్షన్ కూడా నువ్వే పొడుచుకుంటావా బావా’ అని నవ్వుతున్నాడు. చెప్పండి, ఇందులో అర్థముందా, లేక ఆదివారాలు పాడుచేసుకోవడమేనా?

ఆటోనగర్_పానా:
మీ బావమరిది మాటే నాది. విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా బళ్ల కింద పడుకుని బతుకుతున్నాను. చప్పుడు ఇనుములో పాకుతుందండీ. ఎడమ చక్రం దగ్గర పుట్టింది కుడి కాలి దగ్గర వినిపిస్తుంది. వీడియోలు చూసొచ్చి ‘లోయర్ ఆర్మ్ బుష్ పోయింది, మార్చెయ్’ అంటారు, అంటే చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చేతికి ఉండే రబ్బరన్నమాట. మారుస్తాం. చప్పుడు పోదు. తిట్లు మాకు.

ఇంకో మాట. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే తప్ప మనిషి కింద దూరడానికి కాదు. స్టాండులు లేకుండా కిందికి దూరిన ఒకాయన్ని నేనే లాగాను. జాకీ జారితే ఇటుకలూ ఆపవు.

స్టీరింగ్_నాదే:
పానా గారూ, జాకీ విషయంలో మీకు దండం. మిగతాదానికి మాత్రం ఒప్పుకోను.

నేను వైజాగ్‌లో 12 ఏళ్ల పాత కారు నడుపుతాను. చప్పుడు వస్తోందని వెళ్తే నాకు దొరికే మొదటి జవాబు ‘మేడమ్, పాత బండి కదా, మామూలే’. మెకానిక్ నా కారులో కూర్చునేది ఐదు నిమిషాలు. గ్యారేజీ ముందున్న నున్నటి రోడ్డు మీద ఒక రౌండు కొడతాడు. ఆ రోడ్డు మీద చప్పుడు రాదు. నేను అదే కారులో రోజుకు గంటన్నర కూర్చుంటాను. పొద్దున చల్లటి ఇంజిన్ మీద వస్తుందా, వేడెక్కాక వస్తుందా, వానపడ్డ రోజు తగ్గుతుందా అనేది నాకు తెలుసు. ఆయనకెలా తెలుస్తుంది?

రాజమండ్రి గారూ, ముందు కారు ఖాళీ చేయండి. డిక్కీలో స్టెప్నీ, జాకీ, దాని హ్యాండిల్, డ్యాష్‌బోర్డు సొరుగు, సీట్ల కింద చెత్త, అన్నీ తీసేసి అదే వీధిలో తిరగండి. నా కారులో రెండు నెలలు వేధించిన చప్పుడు ఖాళీ సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్ పిల్లర్‌కు తగలడం. దానికి నేను ఒక షాక్ అబ్జార్బర్ మార్పించాను కూడా.

అంబాసిడర్_మాస్టారు:
ఇంత చర్చ ఎందుకు? మా రోజుల్లో అంబాసిడర్ కింద గ్రీజు నిపిల్స్ ఉండేవి. నెలకోసారి గన్నుతో గ్రీజు కొట్టిస్తే సగం చప్పుళ్లు అక్కడే చచ్చేవి. మిగిలినవాటికి కింద మొత్తం డీజిల్ స్ప్రే కొట్టించేవాళ్లం. రెండు నెలలు హాయి.

డాలస్_గరాజ్:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ డీజిల్ పని ఇప్పటి కార్లకు వద్దు. ఇప్పుడు కింద ఉన్నదంతా రబ్బరు బుష్షులు, సీలు వేసిన బాల్ జాయింట్లు (చక్రం అటూ ఇటూ తిరిగేలా పట్టుకునే గుండు కీళ్లు). డీజిల్, పాత ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రెండు నెలలు హాయి అన్నారు కదా, మూడో నెల బుష్షులే కొత్తవి కొనాలి. బ్రేక్ డిస్కు మీద పడితే ఇంకా ప్రమాదం. కిర్రుమనే బుష్షు ఏదో తెలుసుకోవడానికి సబ్బు నీళ్లు చాలు. ఒక్కో బుష్షు తడిపి, బానెట్ మీద చేతులు పెట్టి బండిని ఊపండి. ఏది తడిపినప్పుడు కిర్రు ఆగిందో అదే దొంగ.

మా అమెరికా వైపు గ్యారేజీలో చప్పుడు వెతకడానికే విడిగా ఫీజు. పార్టు మార్చినా మార్చకపోయినా ఆ డబ్బు కట్టాల్సిందే. అందుకని ఇక్కడ మనవాళ్లు చాలామంది ఇంట్లోనే మొదలుపెడతారు. పార్టుల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పెద్ద టూల్స్ కూడా అరువిస్తాయి.

కూకట్‌పల్లి_ట్రాఫిక్:
నేను ఇంట్లో వెతికి బొక్కబోర్లా పడ్డవాణ్ని, నా కథ కూడా వినండి.

60 దాటితే గుయ్యిమని మోత. ఖాళీ రోడ్డు మీద క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ వదిలి చూశాను. ఇంజిన్ స్పీడు పడిపోయినా మోత పడలేదు. అంటే చక్రాల వైపే. ఇంతవరకు కరెక్టే. ‘వీల్ బేరింగ్’ అని నాకు నేనే డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చుకుని బేరింగ్ కొని బిగింపించాను. మోత అట్లనే ఉంది. చివరికి తేలింది ఏందంటే, అలైన్‌మెంట్ చెడి టైర్లు మెట్లు మెట్లుగా అరిగినయ్. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూస్తే మోత కూడా జాగా మారేది. పైసా ఖర్చు లేని పరీక్ష. నేను చెయ్యలే.

ఇంకోటి కూడా ఉండె. ఎడమ బేరింగ్ అయితే మెల్లగా కుడికి వంగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడి మోత పెరగాలి, ఎడమకు వంగితే తగ్గాలి. నాకు రెండు వైపులా ఒకటే. ఆ సంగతి కళ్ల ముందు ఉన్నా పట్టించుకోలే, ఎందుకంటే బేరింగే అని ముందే ఫిక్స్ అయిపోయిన. అందుకే ఇంట్లో వెతుకుడంటే నాకు భయం.

స్టీరింగ్_నాదే:
కూకట్‌పల్లి గారూ, మీరు చెప్పింది వెతకడం తప్పని కాదు, మధ్యలో ఆపేయడం తప్పని. గ్యారేజీలో కూడా అదే జరిగింది కదా. లింక్ రాడ్లు అని ఫిక్స్ అయ్యారు, మార్చారు, పంపించేశారు.

ఆటోనగర్_పానా:
సరే, కడుపులో మాట చెప్తాను. తిట్టుకోకండి.

చప్పుడు వెతకడానికి ఇక్కడ ఎవరూ డబ్బులివ్వరు. నేను రెండు గంటలు తిరిగి, ఎత్తి, దించి, ‘ఈ బోల్టు లూజు’ అని పానాతో ఒక్క తిప్పు తిప్పానే అనుకోండి. 800 అడిగితే ‘బోల్టు బిగించినందుకు 800 ఏంటయ్యా’ అంటారు. అదే లింక్ రాడ్లు మార్చి 2,500 బిల్లు రాస్తే, పాత పార్టు చేతిలో పెట్టించుకుని మాట్లాడకుండా ఇచ్చేస్తారు. కళ్లకు కనిపించే వస్తువుకు డబ్బులు, బుర్రకు లేవు. అందుకని మావాళ్లు వెతకరు, మారుస్తారు. ఎక్కువసార్లు పోయేదాన్ని ముందు మారుస్తారు. గతుకుల్లో టకటక అంటే పదికి ఆరుసార్లు లింక్ రాడ్డే, అది మోసం కాదు. మిగతా నాలుగులో మీరున్నారు.

డాలస్_గరాజ్:
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి మాట ఇది. అయితే పానా గారూ, మీ మాట ప్రకారమే వెతికే పని బండి యజమానిదే అవుతుంది కదా? మీరు అమ్మని సరుకు ఆయన ఇంకెక్కడ కొనాలి?

ఆటోనగర్_పానా:
వెతకమనండి, వద్దన్లేదు. బాల్ జాయింట్ విషయంలో మాత్రం ఆటలొద్దు. అది ఊడితే చక్రం అడ్డంగా పడుతుంది. ‘ఇంకో ఆదివారం చూద్దాం’ అనే చప్పుడు కాదది. బండి వెంటనే ఆపేయాల్సిన చప్పుళ్లు ఇంకా ఉన్నాయి. ఇంజిన్ లోపల నుంచి దబదబమని, పైగా ఆయిల్ లైటు వెలిగితే అక్కడే కీ తిప్పేయాలి.

రాజమండ్రి గారూ, ముందు ఇది చూడండి. చదునైన చోట హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు ఎడమ చక్రం ఎత్తండి. కింద స్టాండు పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే, లోపల ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆ ఆట (వదులు) పోతే బేరింగ్. బ్రేకు తొక్కినా ఆట ఉంటే బాల్ జాయింట్, అప్పుడు ఫోను చేసి టోయింగ్ బండి పిలవండి. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపినప్పుడు ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ చివర).

పాతబండి_రాజమండ్రి:
ఈ ఆదివారం చేసినవన్నీ చెప్తాను.

కారు ఖాళీ చేశాను. సీట్ల కింద రెండు ఐదు రూపాయల బిళ్లలు, ఒక వక్క, మా అమ్మాయి పోయిందనుకున్న గొలుసు దొరికాయి. ఇంట్లో నా పరపతి పెరిగింది. చప్పుడు తగ్గలేదు.

పానా గారు చెప్పినట్టు స్టాండు మీద ఎత్తి ఊపాను. పైనా కిందా, అటూ ఇటూ, ఎక్కడా ఆట లేదు.

తర్వాత స్పీడ్ బ్రేకర్ పరీక్ష. రెండు ముందు చక్రాలు ఒకేసారి ఎక్కేలా నేరుగా వెళ్తే లింక్ రాడ్లు బిగించి ఉండే స్టెబిలైజర్ బార్ మెలి తిరగదట, కాబట్టి లింక్ రాడ్ చప్పుడు రాకూడదు. ఒక చక్రం మాత్రమే ఎక్కేలా అంచు మీదుగా వెళ్తే రావాలి. నాకు రెండు రకాలుగానూ అదే టకటక. ఈ ఒక్క పరీక్ష మొదటి గ్యారేజీకి వెళ్లకముందే చేసుంటే లింక్ రాడ్ల డబ్బు మిగిలేది. కడుపు మండింది.

ఫోన్‌లో రికార్డు కూడా చేశాను. 20 వేగంలో సెకనుకు ఎన్ని టక్కులో లెక్కపెట్టాను. నా టైరు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు, అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు మూడుసార్లు తిరుగుతుంది. టైరులో రాయి ఇరుక్కుంటే సెకనుకు మూడు టక్కులు తాళం వేసినట్టు పడాలి. నావి అలా లేవు. గతుకు పడ్డప్పుడల్లా ఒక గుప్పెడు, తర్వాత నిశ్శబ్దం. అంటే చక్రంతో తిరిగేది కాదు, వదులుగా వేలాడుతున్నది ఏదో ఉంది. ఇక్కడ ఆగిపోయాను.

అంబాసిడర్_మాస్టారు:
డీజిల్ వద్దన్నారు కాబట్టి ఇంకోటి చెప్తాను, దీన్నైనా కొట్టిపారేయకండి. అదే గతుకుల మీద, అదే వేగంలో, బ్రేకు మీద పాదం మెత్తగా ఆన్చి వెళ్లు నాయనా. బండి ఆగేంత కాదు, ప్యాడ్లు డిస్కును ముద్దుపెట్టుకునేంత. వెనక ఎవరూ లేనప్పుడు సుమా.

డాలస్_గరాజ్:
మాస్టారూ, మీ డీజిల్ క్షమించేశాను.

పాతబండి_రాజమండ్రి:
చప్పుడు ఆగిపోయింది!! బ్రేకు ఆన్చితే నిశ్శబ్దం, వదిలితే టకటక. నాలుగుసార్లు చేశాను. బావమరిది పక్కనే ఉన్నాడు, ఇప్పుడు నవ్వడం లేదు.

చక్రం విప్పి చూశాను. కాలిపర్‌లో ప్యాడ్లను కదలకుండా పట్టుకునే స్టీలు క్లిప్పులు కుడివైపు నాలుగున్నాయి, ఎడమవైపు ఒక్కటే ఉంది. వేలితో కదిపితే ప్యాడ్లు అచ్చం ఆ చప్పుడే చేస్తున్నాయి. ఎనిమిది నెలల కింద ఒకచోట ప్యాడ్లు మార్పించాను, చప్పుడు మొదలైంది కూడా ఇంచుమించు అప్పుడే. ఆ రెండింటినీ నేను ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు. క్లిప్పుల కిట్టు 350.

కూకట్‌పల్లి_ట్రాఫిక్:
7,800 ఎక్కడ, 350 ఎక్కడ! ఇంట్లో వెతుకుడే గెలిచింది, నా ఓటు మార్చుకుంటున్న.

ఆటోనగర్_పానా:
ఆగండాగండి. క్లిప్పులు పడేసినవాడు మావాడే, ఒప్పుకుంటాను, సిగ్గుపడుతున్నాను. పాత క్లిప్పు తుప్పు పట్టి బిగుసుకుంటే పీకి పారేస్తారు కొందరు. కానీ ఇందులో గెలిచింది ఇల్లా, బ్రేకు పరీక్ష చెప్పిన మాస్టారి అనుభవమా? ఆయన లేకపోతే వచ్చే ఆదివారం ఈయన లోయర్ ఆర్మ్ విప్పేవాడు. విప్పి, చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేవాడు. ఆ బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి, లేకపోతే కొత్త బుష్షు మెలిపడి తొందరగా చిరుగుతుంది. స్ట్రట్ స్ప్రింగ్ జోలికి వెళ్లుంటే ఇంకా ఘోరం, అది తన్నితే దవడ పోతుంది. వెతకడం వేరు, విప్పడం వేరు.

క్లిప్పులు కూడా తెలిసినవాడి దగ్గరే వేయించండి. కాలిపర్ జారే పిన్నులకు బ్రేకు గ్రీజే పెట్టాలి, మామూలు గ్రీజు కాదు.

స్టీరింగ్_నాదే:
వెతకడం వేరు, విప్పడం వేరు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే. ఇకనుంచి గ్యారేజీకి వెళ్లేటప్పుడు కాగితం మీద రాసుకుని వెళ్తాను: ఏ వేగం, ఏ రోడ్డు, బ్రేకు ఆన్చితే ఉందా లేదా. ఇక ‘మామూలే మేడమ్’ అనడం కుదరదు.

పానా గారూ, ఒక ప్రశ్న. నేను ఆ కాగితంతో వచ్చి, పార్టు ఏదీ మార్చకుండా గంటసేపు వెతకండి, 500 ఇస్తాను అంటే తీసుకుంటారా?

ఆటోనగర్_పానా:
22 ఏళ్లలో ఎవరూ అడగలేదమ్మా. తీసుకుంటాను. వైజాగ్ నుంచి విజయవాడ వచ్చి వెళ్లేసరికి పెట్రోలుకే అంతకు పదింతలవుతుంది, అది మీ ఇష్టం.

పాతబండి_రాజమండ్రి:
అప్‌డేట్: క్లిప్పులు వేయించాను. దగ్గర నిలబడి చూశాను, నాలుగూ లెక్కపెట్టాను. టకటక పూర్తిగా పోయింది.

కానీ ఆ మోత పోయాక, ఇన్నాళ్లూ దాని చాటున దాక్కున్నది ఒకటి బయటపడింది. వెనక కుడివైపు నుంచి సన్నగా ‘కిచ్ కిచ్’. డిక్కీ ఖాళీగానే ఉంది. ప్రస్తుతం బావమరిది వెనక సీటులో తల వంచి ప్లాస్టిక్‌కు చెవి ఆన్చి కూర్చున్నాడు, నేను మా వీధిలో 20లో తిప్పుతున్నాను. సబ్బు నీళ్ల సీసా ఆయన చేతిలోనే ఉంది.