అప్‌డేట్: తిరుపతిలో బిస్కెట్ల ఏజెన్సీ, ఎక్స్‌పైరీ సరుకు సంగతి

బిస్కెట్ల ఏజెన్సీ తీసుకుంటే గడువు దాటిన సరుకు నష్టం ఎవరి నెత్తిన పడుతుందని ఇంతకుముందు అడిగాను. జవాబు చెప్పిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్. ఏజెన్సీ తీసుకున్నాను.

మీరు చెప్పినట్టే డ్యామేజీ, ఎక్స్‌పైరీ సరుకుకు క్రెడిట్ నోట్ (ఆ సరుకు విలువను మన ఖాతాలో తగ్గిస్తూ ఇచ్చే కాగితం) ఇస్తామని కంపెనీ చేత రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టాను. కొత్తగా దిగేవాళ్లు నోటిమాట మీద మాత్రం ఒప్పుకోకండి, మార్జిన్ అంతా అక్కడే కరిగిపోతుంది. గోడౌన్‌లో తేదీ దగ్గరపడిన పెట్టెలు ముందుకి, కొత్తవి వెనక్కి సర్దిస్తున్నాను. సాల్ట్ బిస్కెట్లకు ఎండ కంటే చెమ్మతోనే భయం. ప్యాకెట్ అతుకు కాస్త ఊడినా మెత్తబడిపోతాయి. అందుకే అట్టపెట్టెలు నేలకు ఆనకుండా చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టించాను.

జీఎస్టీ గురించి అడిగినవాళ్లకు: 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్ల మీద 18 శాతం కాదు, 5 శాతమే.

ఇక మిగిలిన టెన్షన్ కొట్లకు ఇచ్చిన అప్పులే. బస్టాండ్ వైపు టీకొట్లు రోజువారీ ఇచ్చేస్తాయి, పెద్ద కిరాణాలే వారాలకు వారాలు తిప్పుతున్నాయి. పాత బిల్లు తీరితేనే కొత్త సరుకు అంటున్నాను. ఈ వసూళ్లు కుదుటపడ్డాకే చిత్తూరు లైన్‌కి వ్యాన్ పంపుతాను.