చేనేత చీరల వ్యాపారానికి ఏ పేమెంట్ గేట్‌వే మంచిది? కార్డు తీసుకుంటే ఎంత పోతుంది?

ప్రశ్న: మంగళగిరి నుంచి

అందరికీ నమస్కారం అండి. ఇంట్లో రెండు మగ్గాలు, మా వీధిలో ఇంకో నాలుగు మగ్గాల మీద నేసిన చీరలు మూడేళ్ళుగా వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో అమ్ముతున్నాను. నెలకి అరవై, డెబ్భై ఆర్డర్లు. చీర సగటున 2,400 రూపాయలు. నా నంబరు పంపుతాను, వాళ్ళు డబ్బు వేసి స్క్రీన్‌షాట్ పెడతారు, నేను పార్సిల్ కడతాను. ఇంతకాలం ఇలాగే నడిచింది.

పోయిన నెల రెండు జరిగాయి. పెళ్ళిళ్ళ రద్దీలో ఖాతా చూసుకోకుండా ఒకావిడకి రెండు చీరలు పంపేశాను. ఆవిడ పెట్టిన స్క్రీన్‌షాట్ నకిలీది. తర్వాత డాలస్‌లో ఉండే ఒకావిడ, తనకి యూపీఐ లేదని, కార్డుకి ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేశారు. దాన్ని ఏం చెయ్యాలో తెలీక అలాగే ఉంచాను.

ఇప్పుడు చిన్న వెబ్‌సైట్ చేయించుకుంటున్నాను. చేసే అబ్బాయి ఏ గేట్‌వే (కొన్నవాళ్ళు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు మన ఖాతాకి చేర్చే కంపెనీ) పెట్టమంటారని అడుగుతున్నాడు. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీ అవెన్యూ... అందరూ రెండు శాతం అటూ ఇటూగానే చెప్తున్నారు. వీళ్ళలో ఎవరిది తక్కువ పడుతుందో చెప్పగలరా?

జవాబు: ఆత్రేయపురం నుంచి

అమ్మా, ముందు ఆ కార్డు ఫొటో తీసెయ్యండి. వాట్సాప్‌లోనే కాదు, గ్యాలరీలో, బ్యాకప్‌లో కూడా. ఆవిణ్ణి కూడా తీసెయ్యమనండి. 2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో అమ్మేవాళ్ళెవరూ కార్డు నంబరు దాచుకోకూడదు, పెద్ద షాపింగ్ సైట్లు కూడా టోకెన్‌తోనే, అంటే కార్డు నంబరుకి బదులు వాడే మారు నంబరుతోనే, నడుస్తున్నాయి. రేపు ఆ కార్డు మీద ఎక్కడ మోసం జరిగినా ఆవిడకి ముందు గుర్తొచ్చేది మీరే.

ఇక ఎవరిది తక్కువ అన్నారు కదా. నేనూ అదే ఒక్క ప్రశ్న అడిగి ఒకరిని ఎంచుకున్నాను. మాది పూతరేకుల వ్యాపారం. మామూలు రోజుల్లో అంతా బాగానే ఉంది. దసరాకి ఆర్డర్లు ఒక్కసారిగా అయిదింతలయ్యాయి. మూడో రోజు నుంచి డబ్బు ఖాతాలో పడటం ఆగిపోయింది. 'మీ ఖాతా పరిశీలనలో ఉంది' అని ఒక మెయిల్ వచ్చింది. ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ఫిర్యాదు పెడితే టికెట్ నంబరు ఇచ్చారు. లక్షా ఎనభై వేలు పదకొండు రోజులు అక్కడే ఉండిపోయాయి. రేకులు తీసే ఆడవాళ్ళకి వారం వారం కూలి ఇవ్వాలి, నెయ్యి, బెల్లం రొక్కానికే వస్తాయి. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి ఆ వారం గట్టెక్కాం. మొత్తం డబ్బు తర్వాత వచ్చింది, ఒక్క రూపాయి పోలేదు. కానీ చేతికి రావలసిన రోజున రాలేదు.

కాబట్టి చేరకముందే అడగండి: డబ్బు ఎన్నాళ్ళకి పడుతుంది? రెండు పనిదినాలంటే శుక్రవారం రాత్రి ఆర్డరు డబ్బు మంగళవారానికో బుధవారానికో వస్తుంది, మధ్యలో బ్యాంకు సెలవొస్తే ఇంకా ఆలస్యం. మీరు నేతగాళ్ళకి ఏ వారం కూలి ఇస్తారో దాంతో సరిచూసుకోండి. అమ్మకాలు హఠాత్తుగా పెరిగితే ఏం చేస్తారు, ముందే కబురు చెప్పొచ్చా అని అడగండి. నేనిప్పుడు పండక్కి రెండు వారాల ముందే మా గేట్‌వే వాళ్ళకి మెయిల్ పెడుతున్నాను, పోయినేడు అమ్మకాల లెక్క జత చేసి. మళ్ళీ ఆపలేదు. చేరకముందే వాళ్ళ సహాయ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి, మనిషి ఎత్తుతున్నారో లేదో తెలిసిపోతుంది. ఆ కంపెనీకి రిజర్వు బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్ అనుమతి (అమ్మేవాళ్ళ తరఫున డబ్బు వసూలు చేసే కంపెనీలకి ఇచ్చేది) ఉందా లేదా కూడా చూడండి. జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

జవాబు: హైదరాబాద్ నుంచి, చిన్న వ్యాపారాల లెక్కలు రాస్తాను

అన్న చెప్పింది నిజం. నేను లెక్క చెప్తాను.

2,400 చీరకి రెండు శాతం 48 రూపాయలు. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 8.64. మొత్తం 56.64 కోత, మీకు పడేది 2,343.36. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ 8.64 తిరిగి జమ వేసుకోవచ్చు, లేకపోతే అది మీ ఖర్చే. చీర వెనక్కి వచ్చి డబ్బు తిరిగిచ్చేస్తే ఫీజు చాలా చోట్ల వెనక్కి రాదు. ఆ షరతు చదివే చేరండి.

కానీ అక్కా, మీరు అడగాల్సింది కార్డు రేటు కాదు, యూపీఐ రేటు. యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుంచి ఎమ్‌డీఆర్ (చెల్లింపు తీసుకున్నందుకు అమ్మేవాళ్ళ దగ్గర కోసుకునే శాతం) సున్నా. అది చట్టం. అయినా కొన్ని ప్లాన్లలో 'ప్లాట్‌ఫామ్ ఫీజు' పేరుతో యూపీఐ మీద కూడా అదే రెండు శాతం వేస్తారు. సేల్స్ అబ్బాయి ఫోన్‌లో 'సున్నా మేడమ్' అంటాడు, బిల్లులో వేరే ఉంటుంది. మెయిల్‌లో రాయించుకోండి. మీ అరవై ఆర్డర్లు యూపీఐలోనే వస్తే, ఆ ఫీజు ఉన్న చోట నెలకి 3,398 రూపాయలు పోతాయి. అదే కార్డు రేటు 2 నుంచి 1.9కి తగ్గినా, నెలకి అయిదు కార్డు ఆర్డర్ల మీద మీకు మిగిలేది 14 రూపాయలు. బేరం ఎక్కడ ఆడాలో మీకే తెలుస్తుంది.

వీసా, మాస్టర్‌కార్డ్ డెబిట్ కార్డులకి కూడా ఎమ్‌డీఆర్ మీద పరిమితి ఉంది. 2018 జనవరి నుంచి, ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపు వ్యాపారులకి 0.40 శాతం, ఆ పైన 0.90 శాతం మించకూడదు. మీ లెక్క నెలకి 65 చీరలు అనుకుంటే ఏడాదికి 18 లక్షల 72 వేలు. గీతకి ఇవతలే ఉన్నారు. డెబిట్‌కీ క్రెడిట్‌కీ ఒకటే రేటు రాసిస్తే ఎందుకని అడగండి.

ఇంకో మాట. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మామూలుగా టర్నోవర్ ఎంతైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. కొన్ని చేతివృత్తుల సరుకులకి మినహాయింపు ఉంది. మీ చీరలు అందులోకి వస్తాయో లేదో దగ్గర్లో ఆడిటర్‌కి చూపించుకోండి, వాయిదా వెయ్యకండి.

జవాబు: న్యూజెర్సీ నుంచి

నేను కొనేవైపు నుంచి చెప్తాను. మన ఊళ్ళ సైట్లలో చీర నచ్చుతుంది, బుట్టలో వేస్తాను, అడ్రసు దగ్గర ఆగిపోతాను. పిన్‌కోడ్ ఆరు అంకెలు కావాలంటుంది, మా జిప్ కోడ్ అయిదంకెలు. ఫోన్ నంబరు పది అంకెలు ఇస్తే దాని ముందు +91 తనే పెట్టేసుకుంటుంది, ఓటీపీ ఎవరికో పోతుంది. పోయినసారి విసుగొచ్చి గుంటూరులో మా పిన్నిచేత కట్టించాను. వెబ్‌సైట్ చేసే అబ్బాయికి ఈ రెండూ తప్పకుండా చెప్పండి. గేట్‌వే ఎంత మంచిదైనా ఫారం దాటలేకపోతే మేం కొనలేం.

జవాబు: హైదరాబాద్ నుంచి మళ్ళీ

ఈవిడ చెప్పాక విదేశీ కార్డుల సంగతి రాయాలనిపించింది. అది మామూలు ఖాతాతో రాదు, విడిగా అడిగి తెరిపించుకోవాలి. రేటు మూడు శాతం చుట్టూ ఉంటుంది. 2,400 మీద జీఎస్టీతో కలిపి 84.96, డాలర్ మారకంలో కోత వేరే. ఎగుమతి కిందికి వస్తుంది కాబట్టి ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతులకి ఇచ్చే కోడ్) కావాలి, కేంద్రం విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ సైట్‌లో 500 రూపాయల ఫీజుతో తీసుకోవచ్చు. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో లోపలి చెల్లింపులు మానేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రం తీసుకుంటుంది. నాలుగు శాతం పైనే పడుతుంది గానీ డాలస్ ఆవిడకి అలవాటైన పద్ధతి.

జాగ్రత్త పడాల్సింది చార్జ్‌బ్యాక్ దగ్గర. మన కార్డులకి ఆన్‌లైన్‌లో ఓటీపీ లాంటి రెండో తనిఖీ తప్పనిసరి, 2009 నుంచీ. అక్కడి కార్డులకి చాలాసార్లు ఉండదు. కొన్నావిడ 'నేను కొనలేదు' అనో 'పార్సిల్ రాలేదు' అనో బ్యాంకుకి చెప్తే డబ్బు మీ దగ్గర్నుంచి వెనక్కి లాగుతారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల ఫిర్యాదులకి గడువు 120 రోజులు. కబురొచ్చాక జవాబివ్వడానికి మీకుండేది కొద్ది రోజులే. అందుకని ప్రతి విదేశీ ఆర్డరుకీ ఒక ఫోల్డరు పెట్టండి: బిల్లు, వాట్సాప్ సంభాషణ, పార్సిల్ కట్టేముందు చీర విప్పి అంచూ పైటా కనపడేలా తీసిన ఫొటో, ట్రాకింగ్ నంబరు, చేరినట్టు రుజువు.

మంగళగిరి నుంచి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఫొటో తీసేశాను, డాలస్ ఆవిడకి కూడా చెప్పాను. రాత్రి ఆర్డర్ల పుస్తకం తీసి కూర్చున్నాను. మూడు నెలల్లో 194 ఆర్డర్లు. 180 ఇక్కడివి, అన్నీ యూపీఐ. 14 అమెరికా, దుబాయ్ వాళ్ళవి, చుట్టాలచేత కట్టించినవి. ఇవి కాక, క్రెడిట్ కార్డు తీసుకుంటారా అని అడిగి, లేదనేసరికి మానుకున్నవాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళ పేర్లు కూడా రాసి పెట్టుకున్నాను.

అంటే నాకు కావలసింది యూపీఐ మీద ఫీజు వెయ్యని గేట్‌వే, దాంట్లో విదేశీ కార్డులు తెరిపించుకోవడం. ఇద్దరికి మెయిల్ పెట్టాను, ఒకరు యూపీఐ సున్నా అని రాసిచ్చారు, రెండోవాళ్ళు ఫోన్ చెయ్యమంటున్నారు. వెబ్‌సైట్ అయ్యేదాకా నకిలీ స్క్రీన్‌షాట్లకి ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆత్రేయపురం నుంచి

రాసిచ్చినవాళ్ళ దగ్గరే చేరండి అమ్మా. వెబ్‌సైట్ కోసం ఆగక్కర్లేదు, గేట్‌వే ఖాతా తెరుచుకుంటే వాట్సాప్‌లోనే పేమెంట్ లింకు పంపొచ్చు. డబ్బు చేరితే మీకే మెసేజ్ వస్తుంది, స్క్రీన్‌షాట్‌తో పనే లేదు. అందాకా మీ బ్యాంకు క్యూఆర్‌కి సౌండ్ బాక్స్ పెట్టించుకోండి. నెలకి కొంచెం అద్దె ఉంటుంది. అది పలికితేనే పార్సిల్ కట్టండి.

గేట్‌వేకి దరఖాస్తు పెట్టేముందు పాన్, కరెంట్ ఖాతా, ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్‌లలో పేరు అక్షరం తేడా లేకుండా ఉందో చూడండి. సైట్‌లో మీ చిరునామా, చీర ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో, డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అంకెల్లో రాయండి. 'త్వరలో' అని రాసినందుకు నా దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. 'ఏడు పనిదినాలు' అని మార్చాక మర్నాడే ఒప్పుకున్నారు.

ఖాతా తెరుచుకున్నాక ముందు మీరే వంద రూపాయలు కట్టి చూడండి. అది మీ బ్యాంకులో ఏ రోజు, ఎంత పడిందో చూసుకున్నాకే ఆ తొమ్మిదిమందికీ కబురు పెట్టండి.