మేనల్లుడికి నాన్న పోయిన సంగతి చెప్పలేదు. కౌన్సెలింగ్‌లో ఆటలే ఆడిస్తున్నారు, ఉపయోగం ఉంటుందా?

బెజవాడ_మేనమామ
మా బావ ఫిబ్రవరిలో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. మేనల్లుడికి ఏడేళ్ళు, రెండో తరగతి. స్కూళ్ళు తెరిచినప్పటి నుంచి రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు, పొద్దున బస్సు టైముకి కడుపునొప్పి అంటాడు. ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం, సెషన్‌కి 1,200. నాలుగు అయ్యాయి. ఇసుక పోసిన ట్రే, కొన్ని బొమ్మలు ముందు పెడుతుంది, అంతే. మొన్న ముప్పావు గంటా లారీ బొమ్మని ఇసుకలో పూడ్చడం, తీయడం, మళ్ళీ పూడ్చడం. ఇది నిజంగా చికిత్సేనా? ఎన్ని సెషన్లు పడుతుంది? స్కూల్లో టీచర్‌కి చెప్పాలా? వాడికి నాన్న దుబాయ్‌లో ఉద్యోగానికి వెళ్ళాడని చెప్పాం. తెలిసినవాళ్ళు చెప్పండి, మా అక్క మొహం చూడలేకపోతున్నాను.

రాణి_గుంటూరు
ముందు యూరిన్ టెస్ట్, షుగర్ టెస్ట్ చేయించండి. మా పాప వాళ్ళ తాతయ్య పోయాక ఇలాగే పక్క తడిపేది, నీళ్ళు తెగ తాగేది. బెంగ అన్నారు, దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. తీరా చూస్తే టైప్ 1 షుగర్, 400 దాటి ఉంది. రెండు వారాలు బెంగ అనుకుంటూ కూర్చున్నాం. మీరు అలా కూర్చోకండి.

మూడో_బెంచీ_టీచర్
టీచర్‌కి తప్పకుండా చెప్పండి. నేను సర్కారు బడిలో పనిచేస్తాను. ఒకసారి "మా నాన్న" అని ఐదు వాక్యాలు రాయమన్నాను. ఒక పిల్ల తెల్ల కాగితం ఇచ్చింది. బద్ధకం అనుకుని అరచేతి మీద కొట్టాను. వేసవి సెలవుల్లో ఆ పిల్ల తండ్రి పోయాడని మధ్యాహ్న భోజనం వండే ఆమె చెప్పింది. రెండేళ్ళయింది. ఆ పిల్ల చెయ్యి చాపిన తీరు ఇంకా కళ్ళ ముందే ఉంది. ఎవరైనా ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

జగిత్యాల_బిడ్డ
అన్నా, దుబాయ్ అని మాత్రం చెప్పకండి. దండం పెడతా.

మా బాపు సౌదీలో చనిపోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పెట్టె ఊరికి రావడానికి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ చెల్లెకూ తప్ప. మేము పోయేసరికి మాటలు ఆపేసేవాళ్ళు. పెట్టె వచ్చినంక తెరవనివ్వలేదు. మూత మీద మేకులు లెక్కపెట్టాను, ఇరవై రెండు. పెద్దవాళ్ళు నలభై రోజులు అబద్ధం చెప్పారు కాబట్టి ఇది కూడా అబద్ధమే అనుకున్నా. పెట్టెలో ఇంకెవరో ఉన్నారని, బాపు అక్కడ వేరే పెళ్ళి చేసుకుని మమ్మల్ని విడిచిపెట్టాడని ఇంటర్ దాకా నమ్మిన. బాపు మీద కోపంతోనే పెరిగిన. చచ్చిపోయిన మనిషిని అన్నేళ్ళు తిట్టుకున్న.

శ్రీలత_ఏలూరు
మీ బాధ అర్థమవుతుంది తమ్ముడూ, కానీ అందరికీ ఒకటే రూలు పెట్టకండి. మా ఆడపడుచు కొడుకుకి నాలుగేళ్ళు. చెప్తే అర్థమవుతుందా? దేవుడి దగ్గరికి వెళ్ళాడని చెప్పాం, బాగానే ఉన్నాడు. కొంచెం పెద్దయ్యాక వాడే తెలుసుకుంటాడు.

హిల్స్‌బరో_పద్మ
"నిద్రపోయాడు", "ఊరెళ్ళాడు", "దేవుడు తీసుకెళ్ళాడు". ఈ మూడు మాటలూ మా ఇంట్లో వాడేశాం. మావారు పోయాక చిన్నదానికి నిద్రంటే భయం పట్టుకుంది. రాత్రి నేను కళ్ళు మూస్తే రెప్పలు వేళ్ళతో పైకి లాగేది. ఏం చెప్పామో అప్పుడు అర్థమైంది.

ఇక్కడ పోర్ట్‌లాండ్‌లో డగీ సెంటర్ అని ఉంది, 1982 నుంచి నడుస్తోంది. అమ్మనో నాన్ననో పోగొట్టుకున్న పిల్లల్ని వయసువారీగా గుంపులు చేసి రెండు వారాలకోసారి కూర్చోబెడతారు, డబ్బులు తీసుకోరు. మెత్తటి గోడలున్న వాల్కనో రూమ్ ఒకటి ఉంది, కోపం వస్తే అందులో గుద్దుకోవచ్చు, అరవచ్చు. మా వాడు మొదటి రెండు నెలలూ ఆ గదే. నోరు విప్పింది ఆ తర్వాతే. వాళ్ళమ్మ పోయిన ఇంకో అబ్బాయితో మాట్లాడాడు, నాతో కాదు.

శ్రీలత_ఏలూరు
అమెరికా సంగతులు మాకెందుకండీ. ఇక్కడ బెజవాడలో ఏం దొరుకుతుందో చెప్పండి.

వెంకట్_కాకినాడ
ఇంతకీ తలకొరివి ఎవరు పెట్టారు? కొడుకుండగా ఇంకొకరు పెట్టడం ఏంటి? దినానికైనా పిల్లాడిని కూర్చోబెట్టారా? కర్మ సరిగా జరగకపోతే ఇలాంటివే వస్తాయి.

బెజవాడ_మేనమామ
బావ తమ్ముడు పెట్టాడు. పిల్లాడిని ఆ పదకొండు రోజులూ తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంచాం.

జగిత్యాల_బిడ్డ
వెంకట్ గారూ, ఏడేళ్ళ పిల్లాడు పక్క తడిపితే కర్మ లోపం అంటారా? ఆ మాట వాళ్ళమ్మ చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించారా?

వెంకట్_కాకినాడ
నేను తప్పేం అనలేదు. మా అన్న పోయినప్పుడు పదేళ్ళ మా అన్న కొడుకే కొరివి పెట్టాడు. పక్కనే నేను చెయ్యి పట్టుకున్నాను. ఏడ్చాడు, చేశాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నాన్నకి చివరి పని నేనే చేశానని గర్వంగా చెప్పుకుంటాడు. మీరు పిల్లాడిని తెనాలి పంపి ఆ అవకాశం లేకుండా చేశారు, నా బాధ అది.

పిల్లల_గది
నేను పదహారేళ్ళుగా పిల్లలతోనే పనిచేస్తున్నాను, క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉంది. ఇక్కడ సగం మంది తెలియకుండా మాట్లాడుతున్నారు కాబట్టి చెప్తున్నాను. వెంకట్ గారు కర్మ గురించి అన్నది తప్పు, కానీ పిల్లాడిని వీడ్కోలుకి దూరం పెట్టకూడదన్నది సరైన మాట. ఏం జరుగుతుందో ముందే చెప్పి, ఇష్టమైతేనే, పక్కన ఒక పెద్ద మనిషిని ఉంచి పిల్లల్ని రానివ్వాలి. బలవంతం మాత్రం వద్దు.

నాలుగేళ్ళ పిల్లాడికి చావంటే మళ్ళీ తిరిగొచ్చేదే. అందుకే "ఎప్పుడొస్తాడు" అని వందసార్లు అడుగుతాడు. ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య చాలామందికి పోయినవాళ్ళు రారని, వాళ్ళ ఒంట్లో ఏదీ పనిచేయదని అర్థమవుతుంది. మీ మేనల్లుడు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు.

సాయి_హైదరాబాద్
దుఃఖానికి ఐదు దశలు ఉంటాయి కదా మేడమ్, వీడు ఒప్పుకోని దశలో ఉన్నాడనుకుంటా. తర్వాత కోపం వస్తుంది. అన్నీ అయ్యాకే కుదుటపడతాడు.

పిల్లల_గది
ఈ ఐదు దశలతో విసిగిపోయానండీ. 1969లో కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశల గురించి రాసింది చావుకి దగ్గరైన రోగులతో మాట్లాడి. నాన్న పోయిన ఏడేళ్ళ పిల్లాడి కోసం కాదు. ఈ పిల్లలు ఎండావానా కలిసి వచ్చినట్టు ఉంటారు. ఇప్పుడు ఏడుస్తారు, పది నిమిషాల్లో క్రికెట్ ఆడతారు. అది చూసి "వీడికి బాధే లేదు" అంటారు పెద్దవాళ్ళు. తల్లులు వచ్చి "మా దశ ఏదండీ" అని అడిగితే నాకు ఏడుపొస్తుంది.

సాయి_హైదరాబాద్
మీకు డిగ్రీలున్నాయని మమ్మల్ని ఇలా తీసిపారేయనక్కర్లేదు. మా నాన్న కోవిడ్‌లో పోయారు. 2021 మేలో. నాకు ఆ ఐదు మాటలే ఆసరా అయ్యాయి.

పిల్లల_గది
క్షమించండి సాయి గారూ. మీకు ఆసరా అయితే వాటిని వదలొద్దు. పిల్లాడి గురించి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మూడో_బెంచీ_టీచర్
1,200 సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నా జీతంలో నెలకి నాలుగు సెషన్లంటే కష్టం. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ పిల్ల విషయంలో నేను రాత్రి పదకొండింటికి చేశాను. అరగంట విన్నారు. మరుసటి రోజు బడిలో ఆమెతో ఏ మాట అనాలో, ఏది అనకూడదో చెప్పారు. వైజాగ్‌లో, ఎర్రగడ్డలో సర్కారు మానసిక ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

రాణి_గుంటూరు
ఒక్కటి అడగనా? పిల్లాడు పూడ్చేది లారీయే ఎందుకు? వాళ్ళ నాన్నని గుద్దింది ఏంటి?

బెజవాడ_మేనమామ
లారీ.

వాడికి ఎవరూ చెప్పలేదు. ప్రమాణం చేసి చెప్తున్నాను. ఇప్పుడు మీరు అడిగాకే నాకూ తట్టింది.

పిల్లల_గది
రాణి గారూ, నేను చూడాల్సింది మీరు చూశారు.

వాడికి తెలుసు. ఎవరి ఫోన్లోనో ఫోటో చూసి ఉంటాడు, గోడ అవతల మాటలు విని ఉంటాడు. తెలుసని చెప్పే వీలు లేదు, ఎందుకంటే ఇంట్లో అందరూ దుబాయ్ అంటున్నారు. ఇసుకలో మాత్రం చెప్పుకుంటున్నాడు. మీరు "ఆటలు, అంతే" అన్న ఆ ముప్పావు గంటే చికిత్స. ఒకే ఆట మళ్ళీ మళ్ళీ ఆడుతుంటే ఆమె ఆపలేదు చూశారా, ఆమెకి పని తెలుసు. ఇంతకీ దుబాయ్ సంగతి ఆమెకి చెప్పారా?

బెజవాడ_మేనమామ
చెప్పాం. మొదటి రోజే నిజం చెప్పమంది. అక్కావాళ్ళ అత్తగారు ఒప్పుకోలేదు. "నా కొడుకు పోయాడన్న మాట నా మనవడి ముందు ఎవరూ అనకూడదు" అని భోజనం మానేసింది. ఆవిడని కూడా ఏమీ అనలేకపోయాం.

శ్రీలత_ఏలూరు
ఆవిడ కడుపుకోత ఆవిడది. ఆవిడకీ ఎవరో ఒకరు కావాలి.

హిల్స్‌బరో_పద్మ
మా అత్తగారూ అంతే శ్రీలత గారూ. చివరికి మా చిన్నదే ఆవిడ ఒళ్ళో కూర్చుని "నాన్నమ్మా, నాన్న చచ్చిపోయాడు, నీకు తెలుసా" అంది. ఆవిడ అప్పటిదాకా ఏడవలేదు.

పిల్లల_గది
మేనమామ గారూ, చెప్పేటప్పుడు "చనిపోయాడు" అనే మాటే వాడండి. రెండు మూడు వాక్యాలు చాలు. నాన్న పోవడానికి తను చేసిందేదీ కారణం కాదని కూడా చెప్పండి, ఈ వయసువాళ్ళు ఏదో ఒకటి తమ మీదే వేసుకుంటారు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదో కూడా ఒప్పుకోండి. సెషన్ల లెక్క ఇప్పుడే వేయకండి. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ మాన్యువల్‌కి 2022లో వచ్చిన సవరణలో కూడా పిల్లల్లో తీరని దుఃఖాన్ని ఒక సమస్యగా గుర్తించడానికి కనీసం ఆరు నెలలు ఆగాలని ఉంది. షుగర్ టెస్ట్ మాత్రం రేపే చేయించండి.

వెంకట్_కాకినాడ
సంవత్సరీకానికైనా పిల్లాడిని పక్కన కూర్చోబెట్టండి. గట్టిగా అన్నందుకు ఏమనుకోకండి.

బెజవాడ_మేనమామ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. షుగర్, యూరిన్ నార్మల్. ఆదివారం మధ్యాహ్నం అక్క చెప్పింది, నేను పక్కన కూర్చున్నాను. అత్తగారు గదిలోనే ఉంది, తలుపు వేసుకోలేదు. వాడు అంతా విని "అంటే దుబాయ్‌లో కూడా లేడా?" అన్నాడు. లేడురా అన్నాం. కాసేపాగి, ఆ రోజు పొద్దున హెల్మెట్‌తో ఆడి మంచం కింద పెట్టింది తనేనని చెప్పాడు. బావ ఆ రోజు హెల్మెట్ దొరక్క అలాగే వెళ్ళిపోయాడు. మాకు ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఐదు నెలలు అది మోశాడు.

నువ్వు కాదురా, లారీ అడ్డంగా వచ్చిందిరా అని అక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. సోమవారం కౌన్సెలర్‌కి చెప్పాం. నాతో ఒక్కడితోనే వస్తానని వాడు అడిగితే సరే అంది.

పక్క తడపడం ఇంకా ఉంది. బావ ఫోటో అటక మీద దాచాం కదా, నిన్న నన్నే స్టూలు వేసి తీయించాడు. చొక్కా అంచుతో వాడే తుడిచాడు. మంచం పక్కన పెట్టమన్నాడు. అత్తగారు దండ తెస్తే వద్దన్నాడు, ఆవిడ ఏమీ అనకుండా వెనక్కి తీసుకెళ్ళింది.