స్విఫ్ట్ పొల్యూషన్ టెస్ట్ పాసవ్వాలంటే క్యాటలిటిక్ కన్వర్టర్ మళ్లీ వేయాల్సిందేనా?

అందరికీ నమస్కారం. మాది కావలి. 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, బీఎస్4 (కాలుష్య ప్రమాణం) బండి, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. పాత ఓనరు, పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసి నేరుగా పైపు వేయించి, ఇంజన్ గాలి పీల్చే చోట కోన్ ఫిల్టర్ పెట్టించాడు. పరుగు బాగుంది. కానీ టెస్టులో ఐడ్లింగ్ మీద సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.4 శాతం వచ్చింది, దాటకూడనిది 0.3. హెచ్‌సీ (కాలకుండా మిగిలే హైడ్రోకార్బన్లు) కూడా 200 పీపీఎం దాటింది. సర్టిఫికెట్ లేకుండా దొరికితే 10,000 దాకా ఫైను. అదటుంచి, వెనకాల బైకు మీద వచ్చేవాళ్ల మొహాన ఆ పొగ కొట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒకాయన "బాగా వేడెక్కించి తీసుకెళ్లు, పాసవుద్ది" అంటున్నాడు. కన్వర్టర్ వేడి మీదే పనిచేస్తుంది, నిజమే. అసలది లేనప్పుడు వేడెక్కిస్తే ఒరిగేదేముంది? ఇంకొకాయన, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పెట్రోలు మోతాదు సరిచేయించే ఆక్సిజన్ సెన్సార్ చూడమన్నాడు. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే మ్యానిఫోల్డ్ దగ్గర వెల్డింగ్ అతుకు చుట్టూ నల్లగా మసి పట్టింది, పొద్దున స్టార్ట్ చేయగానే అక్కడ టప్‌టప్‌మని కొడుతోంది. ఆ సందులోంచి గాలి దూరి, సెన్సార్ తప్పు చూపించి పెట్రోలు ఎక్కువ పోయిస్తోందా?

కొత్త కన్వర్టర్ నాకు భారమే. చెన్నై పుదుపేట పాత స్పేర్ పార్టుల మార్కెట్లో పాతది తెచ్చి వేయొచ్చా? లోపల జాలీ బాగుందో లేదో ఎలా చూడాలి? చేయించినవాళ్లు, ఒంగోలు వైపు నమ్మకమైన సైలెన్సర్ పనివాళ్లు తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.