అటాక్ ఆన్ టైటాన్ అయిపోయింది, అంత బరువున్న డార్క్ యాక్షన్ అనిమే (జపనీస్ యానిమేషన్) సిరీస్ ఇంకేముంది?

సగంరాత్రి:
అటాక్ ఆన్ టైటాన్ చివరిదాకా చూసేశాను. ఆ తర్వాత ఏది పెట్టినా మనసు నిలవడం లేదు. అందులో ఎవరైనా చనిపోతే ఆ లోటు మిగిలినవాళ్ళ మీద అలాగే ఉండిపోతుంది. స్నేహితుడు మార్కో పోయాక జాన్ చితి ముందు నిలబడి, టైటాన్లతో పోరాడే సర్వే కార్ప్స్ దళంలో చేరతానని చెప్పే సీన్ నాకు ఏ ఫైట్ కన్నా ఎక్కువ గుర్తుంది. అలాంటిది కావాలి.

అకామె గా కిల్ చూశాను. చావులు చాలానే ఉన్నాయి కానీ, ఒకరి కోసం బాధపడేలోపే ఇంకో ఫైట్ వచ్చేస్తుంది. విన్‌ల్యాండ్ సాగా మొదటి సీజన్ విపరీతంగా నచ్చింది. రెండో సీజన్‌లో పొలం పనులు మొదలయ్యేసరికి ఆపేశాను. జుజుత్సు కైసెన్, చైన్సా మ్యాన్ కూడా అయిపోయాయి. పాతవైనా పర్లేదు, కథ మధ్యలో ఆగిపోకపోతే చాలు. పెద్ద మలుపులు మాత్రం చెప్పేయకండి.

ఎర్రచంద్రుడు:
మీరు అడిగింది నాకు బాగా అర్థమైంది, నేను కూడా సిరీస్‌లు ఇలాగే ఎంచుకుంటాను. రక్తం ఎంత చూపించారన్నది పట్టించుకోను. దెబ్బ తిన్నవాడి మీద, కొట్టినవాడి మీద దాని ప్రభావం ఎంత దూరం పోతుందన్నదే చూస్తాను.

ఆ లెక్కన మొదట డొరోరో చూడండి. 2019లో వచ్చిన సిరీస్, 24 ఎపిసోడ్లు, కథ పూర్తవుతుంది. మూలం ఒసాము తెజుకా 1967లో మొదలుపెట్టిన మాంగా (జపనీస్ బొమ్మల కథ). ఒక ప్రభువు తన రాజ్యం బాగుండాలని పుట్టబోయే కొడుకును పన్నెండుమంది రాక్షసులకు రాసిచ్చేస్తాడు. ఆ బిడ్డ చర్మం, కళ్ళు, చెవులు, గొంతు ఏవీ లేకుండా పుడతాడు. అతనే హ్యక్కిమారు. పెద్దయ్యాక కృత్రిమ చేతుల్లో దాచిన కత్తులతో ఒక్కో రాక్షసుణ్ణి చంపుతూ, ఒక్కో అవయవాన్ని తిరిగి తెచ్చుకుంటుంటాడు.

వినడానికి వీడియో గేమ్ కథలా ఉంటుంది. కానీ వినికిడి తిరిగొచ్చినప్పుడు ఏమవుతుందో చూడండి. అప్పటిదాకా నిశ్శబ్దంలో బతికినవాడి మీద లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా పడతాయి. భరించలేక చెవులు మూసుకుని ముడుచుకుపోతాడు. పోగొట్టుకున్నది దొరికినా అది నొప్పితోనే దొరుకుతుంది. పైగా అతనికి ఒక్కో అవయవం వచ్చేకొద్దీ తండ్రి రాజ్యానికి కరువు, రోగాలు తిరిగొస్తాయి. తన శరీరం తనకు కావాలనుకోవడం తప్పా? ఆ రైతులు చేసిన పాపమేంటి? సిరీస్ ఈ ప్రశ్నను చివరిదాకా వదలదు. మధ్యలో కొన్ని విడి కథల ఎపిసోడ్లు, ఒకట్రెండు చోట్ల బొమ్మలు నీరసంగా ఉంటాయి, ఓర్చుకోండి.

తర్వాత పారాసైట్: ద మాగ్జిమ్. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది, 2014లో మొదలైంది, ఇదీ 24 ఎపిసోడ్లలో పూర్తవుతుంది. షినిచి అనే కుర్రాడి కుడి చేతిలో ఒక పరాన్నజీవి మకాం వేస్తుంది. మలుపు కాదు కాబట్టి ఒక సీన్ చెప్తాను. ఒక కుక్కపిల్ల అతని చేతుల్లోనే ప్రాణం విడుస్తుంది. తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసేస్తాడు. పక్కనున్న అమ్మాయి ముఖం చూశాకగానీ, తను చేసిందేంటో అతనికి తట్టదు. వెనక్కెళ్ళి బయటికి తీసి ఒక చెట్టు కింద పాతిపెడతాడు. ఫైట్ లేదు, రక్తం లేదు, అయినా సిరీస్ మొత్తంలో నన్ను అంత భయపెట్టిన సీన్ ఇంకోటి లేదు.

ఇక విన్‌ల్యాండ్ రెండో సీజన్ దయచేసి మళ్ళీ మొదలుపెట్టండి. మొదటి సీజన్లో కథానాయకుడు థోర్ఫిన్ చంపుకుంటూ పోయినవాళ్ళంతా ఒక కలలో అతని కాళ్ళు పట్టుకుని లాగుతారు. మీరడిగిన బరువంటే అదే. ఆ పొలం పనులు లేకపోతే ఆ కలకు అర్థమే లేదు.

నీలికత్తి:
డొరోరోకి నా ఓటు కూడా. కాకపోతే సగంరాత్రికి యాక్షన్ కూడా కావాలి కదా, క్లేమోర్ ఎలా మర్చిపోయారు? 2007, 26 ఎపిసోడ్లు. రాక్షసుల్ని వేటాడటానికి తమ శరీరంలోకే రాక్షస మాంసం ఎక్కించుకున్న ఆడవాళ్ళు, ఒకటి నుంచి 47 దాకా ర్యాంకులు. కథానాయిక క్లేర్‌ది చిట్టచివరి ర్యాంకు. శక్తి ఎక్కువ వాడితే వాళ్ళే రాక్షసులైపోతారు. తన హద్దు దగ్గరపడిందని తెలిసినవాళ్ళు, కత్తి పిడిలో దాచిన నల్ల కార్డును తమని చంపాల్సిన స్నేహితురాలికి పంపిస్తారు. ఆ కార్డు మొదటిసారి తెరిచే ఎపిసోడ్ చూశాక నేను ఆ రాత్రి ఇంకేం చూడలేకపోయాను.

ఒక్క ఇబ్బంది ఉంది. అప్పటికి మాంగా ఇంకా నడుస్తుండటంతో అనిమేకి సొంత ముగింపు పెట్టారు. అసలు కథ కావాలంటే 27 సంపుటాల మాంగా 2014లో పూర్తయింది, చదువుకోవచ్చు.

సగంరాత్రి:
నల్ల కార్డు సంగతి వినగానే ఆగలేకపోతున్నాను! బెర్సెర్క్ ఎవరూ చెప్పలేదేంటి? అందరూ ముందు అదే అంటారు కదా.

ఎర్రచంద్రుడు:
మీరు పెట్టిన షరతు వల్లే చెప్పలేదు. 1997 సిరీస్‌కి 25 ఎపిసోడ్లే. గట్స్, గ్రిఫిత్‌ల స్నేహాన్ని అంత ఓపిగ్గా కట్టి, అత్యంత దారుణమైన చోట ఆపేస్తారు. రచయిత కెంటారో మియురా 2021లో కన్నుమూశారు. ఆయన స్నేహితుడు కోజి మోరి పర్యవేక్షణలో మాంగా మళ్ళీ నడుస్తోంది. ఎప్పటికైనా చూడాల్సిందే, కానీ లైంగిక హింస చాలా తీవ్రంగా ఉంటుంది. మనసు బాగున్న రోజుల్లో, 1997ది మాత్రమే పెట్టుకోండి. 2016 వెర్షన్‌లో ఆ కంప్యూటర్ బొమ్మలు కథను చంపేశాయి.

క్లేమోర్ మీకు నచ్చితే సైకో-పాస్ మొదటి సీజన్ కూడా, 22 ఎపిసోడ్లు. అందులో పోలీసు తుపాకీ మనిషి మనసును కొలుస్తుంది. నేరం చేసే స్వభావానికి అది ఇచ్చే కొలత వంద దాటితేనే పేలుతుంది. ఎదురుగా హంతకుడున్నా కొలత తక్కువ చూపిస్తే పనిచేయదు. పదకొండో ఎపిసోడ్ చూశాక ఇక్కడికొచ్చి చెప్పండి, అందులో పోలీసు అకానె చేసింది సరైనదేనా అని మీతో మాట్లాడాలి.